ఎత్తు పెంచిన బండి

ఆ ఏడాది ఆషాఢంలో, బిస్సమ్ కటక్ అవతలి వాగు దాటుతుండగా భీమారావు పికప్పు బండి అడుగుభాగం రాయికి కొట్టుకుంది. వెనక ఇరుసు మధ్యనున్న గేర్ల డబ్బా పగిలి నూనె నీళ్లలో కలిసిపోయింది. ఎడ్లు తెచ్చి ఒడ్డుకు లాగించేసరికి సాయంత్రమైంది. అప్పటికే సగం గంపల్లో ఎండుచేపలు నానిపోయి పారబొయ్యాల్సి వచ్చింది.

భీమారావు, సింహాచలమ్మలది నరసన్నపేట దగ్గర ఊరు. ఒడిశాలోని రాయగడకి వచ్చి స్థిరపడ్డారు. రైల్లో వచ్చే ఎండుచేపలు దింపుకొని, మునిగుడ, బిస్సమ్ కటక్ సంతల్లో అమ్ముకునేవారు. బండి నడపడం అతని పని, అమ్మడం ఆమె పని. కొండ ఆడవాళ్లతో వాళ్ల భాషలోనే బేరమాడేది. ఎవరి పిల్లకి జ్వరమో, ఎవరి కోడలు అలిగి పుట్టింటికి పోయిందో ఆమెకు తెలిసేది. పిల్లల్లేని ఆ ఇద్దరికీ బండి ముందుసీట్లో పక్కపక్కన కూర్చుని సాగే ఆ ప్రయాణమే సగం కాపురం.

బాగుచేయించడానికి మెకానిక్కు ఆశీర్వాదం షెడ్డుకి తీసుకెళ్లినప్పుడు, బండి ఎత్తు పెంచమని అడిగాడు భీమారావు.

"రెండు దార్లున్నాయి," అన్నాడు ఆశీర్వాదం. "ఇరుసు మీద బరువు మోసే కమాను కట్టకి రెండేసి ఇనప పట్టీలు కలిపితే కొంచెం లేస్తాది. ఈ టైర్లే సరిపోతాయి. అలాక్కాదంటే కట్టల కింద ఇనప దిమ్మలెట్టి, మిలిటరీ వేలంలో వచ్చిన పెద్ద టైర్లెయ్యాలి. అప్పుడు ఏ వాగైనా దాటెయ్యొచ్చు. కానీ మలుపుల్లో ఊగుతాది. ఎక్కడం దిగడం కూడా కష్టమే."

"ఎక్కడానికేటుంది? పెద్దదే సెయ్యి. మల్లీ ఆ నీల్లల్లో కూకోలేను."

"ఇంట్లో ఓ మాట అడిగి సెప్పు."

"కమాన్ల సంగతి దానికేటి తెల్సు?"

బండి తయారైన రోజు సింహాచలమ్మ చూడటానికి వచ్చింది. లావుపాటి టైర్ల మీద బండి కొత్తగా, ఎవరిదో అన్నట్టుగా నిలబడి ఉంది. ఆమె సీటు వైపు చెయ్యి చాచి, దించేసుకుంది.

"ఇంతెత్తా మావా? ఈ మోకాల్ల నొప్పుల్తో నానెలా ఎక్కుతాను?"

"నానెక్కిస్తాను కాదేటి!"

మొదట్లో ఎక్కించాడు కూడా. పీట వేసి, చంకల కింద చేతులు పెట్టి పైకి తోసేవాడు. సంతలో జనం చూసి నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. తర్వాత నవ్వడం మానేసింది. ఓ రోజు పొద్దున్న, పీట పట్టుకుని నిలబడ్డ అతనితో, "ఈ వారం నువ్వెల్లిపో, నానుండిపోతాను," అంది. భీమారావు బలవంతం చెయ్యలేదు. ఖాళీ అయిన ఆమె సీట్లో మరో రెండు గంపలు పట్టాయి. ఆ సంగతి అతనికి సంతోషంగానే అనిపించింది.

బండి ఎక్కడా ఆగలేదు. ఎంత వానొచ్చినా వాగులన్నీ దాటింది. కానీ సంతలో సరుకు కదలడం మానేసింది. ఆడవాళ్లు వచ్చి తమ భాషలో ఏదో అడిగేవారు, అర్థంకాక అతను ధర మాత్రం చెప్పేవాడు, వాళ్లు పక్క దుకాణానికి వెళ్లిపోయేవారు. ఇంటి దగ్గర సింహాచలమ్మ గుమ్మంలో కూర్చుని ఉండేది. "సంతెలా ఉంది?" అని అడిగేది. "బాగానే ఉంది," అనేవాడు. మిగిలిన గంపలు దించుకోవడానికి వెళ్లిపోయేవాడు.

కార్తీకంలో అతనే బతిమాలాడు. "ఓసారి రాయే. నువ్వు లేకపోతే నాతో ఎవులూ మాటాడ్డం లేదు."

వచ్చింది. దారంతా కిటికీలోంచి చూస్తూ, ఏ ఊరు దగ్గర పడితే ఆ ఊరి మనుషుల సంగతులు చెప్పింది. మునిగుడ సంతలో బండి ఆపగానే వెదురు కంట్రాక్టరు ఒకాయన దగ్గరికొచ్చి, ఇంత ఎత్తు ఎలా లేపించావని అడిగాడు. భీమారావు వెనక చక్రం దగ్గర వంగి, దిమ్మలు చూపిస్తూ వివరంగా చెప్పసాగాడు. అవతలి వైపు తనకోసం ఎదురుచూస్తున్న ఆడవాళ్లని చూసి, సింహాచలమ్మ పీట కోసం ఆగకుండా టైరు మీద కాలుపెట్టి దిగబోయింది. టైరు బురదగా ఉంది. ఆడవాళ్ల కేకలు విని అతను చుట్టూ తిరిగి వచ్చేసరికి ఆమె నేల మీద పడి ఉంది.

తుంటి ఎముక విరిగింది. ఆస్పత్రిలో చాలాకాలం పడుకోబెట్టారు. ఎముక అతికింది గానీ ఆ కాలు కురచైపోయింది. కర్ర పట్టుకుని నాలుగడుగులు వెయ్యగలదు, అంతే. మళ్లీ వానలు దగ్గరపడే రోజుల్లో పార్వతీపురం నుంచి ఆమె అక్క రామతులసి వచ్చింది.

"నువ్వు సంతలెంట తిరుగుతుంటే దీన్నెవులు సూస్తారు? నాతో తీసుకుపోతాను," అంది.

భీమారావు కాదనలేకపోయాడు. సింహాచలమ్మ కూర్చున్నచోటే తన చీరలు మడతపెట్టుకుంది.

ప్రయాణం నాటి ఉదయం వాకిట్లోకి వచ్చిన ఆమె బండిని చూసి ఆగిపోయింది. పాత టైర్ల మీద, పాత ఎత్తులో ఉంది.

"ఎప్పుడు దించేవు?"

"నిన్న."

"వానలొస్తన్నాయి కదా మావా. మల్లీ రాయి తగిల్తాది."

అతను ఆమె కర్ర అందుకుని బండిలో పెట్టాడు. ఆమెను సీట్లో కూర్చోబెట్టి, రామతులసితో పాటు స్టేషనుకి తీసుకెళ్లాడు. రైలు కదిలేటప్పుడు ఆమె, "సేపలకి ఎండ తగిలించు, మర్సిపోకు," అని మాత్రం చెప్పింది.

మరుసటి సంతకి అతను మామూలుగానే వెళ్లి గంపలు విప్పాడు. ఆడవాళ్లు నలుగురు వచ్చారు. వాళ్లలో ముసలామె ఏదో అడిగింది. అతనికి ఆ మాటల్లో సింహాచలమ్మ అన్న పేరొక్కటే తెలిసింది. రైలు పట్టాల వైపు చెయ్యి చూపించాడు. ముసలామె అటే చూస్తూ గంప పక్కన చతికిలబడింది. మిగతావాళ్లూ కూర్చున్నారు. ఎవరూ బేరమాడలేదు. ఆకాశం మూసుకొస్తుంటే భీమారావు కూడా వాళ్ల మధ్య తలవంచుకుని కూర్చుండిపోయాడు.