నర్సరీలో సుభద్ర

ఢిల్లీకి వచ్చేనాటికి సుభద్రకు తెలిసిన హిందీ రెండే మాటలు: అచ్ఛా, నహీ. నంద్యాలలో ఉన్నన్నాళ్లూ వాటితో కూడా పని పడలేదు. భర్త రఘువీర్ గుర్‌గావ్‌లో ఉద్యోగానికి పొద్దున్నే బయలుదేరితే మళ్లీ దీపాలు పెట్టాకే ఇల్లు చేరడం. కటవారియా సరాయ్‌లోని ఆ అద్దె ఇంటి ముందుకు కూరగాయల బండి వస్తే సుభద్ర వేలు పెట్టి చూపించేది, తల ఊపేది, లోపలికి వచ్చి తలుపేసుకునేది.

కూతురు సహస్రను దగ్గరలోని బడిలో నర్సరీలో చేర్చారు. మొదటి రోజు ఆ పిల్ల గేటు దగ్గర తల్లి చున్నీ పట్టుకుని వదల్లేదు. రెండో రోజూ అంతే. ఏడ్చి ఏడ్చి వెక్కిళ్లు పట్టాయి. క్లాసు టీచరు ప్రీతి మేడమ్ బయటికొచ్చి, పిల్ల తల నిమిరి, సుభద్ర వైపు చూసి నవ్వింది.

"కోయీ బాత్ నహీ. ఆప్ భీ బైఠియే."

మాట పూర్తిగా అర్థం కాకపోయినా, ఆమె చూపించిన కుర్చీ అర్థమైంది. పిల్లలు కూర్చునే చిన్న కుర్చీ. కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. ఆ పూటనుంచి సుభద్ర కూడా నర్సరీకి పోవడం మొదలుపెట్టింది.

పొద్దున రాగానే ఆట. కుడి చెయ్యి ఎత్తి "దాయా", ఎడమ చెయ్యి ఎత్తి "బాయా" అని పిల్లలంతా గెంతేవారు. ఆ తర్వాత పండ్లు, రంగులు, జంతువులు. సహస్ర తల్లి ఒడిలో ముఖం దాచుకుని వినేది. పిల్ల మాట ఏమోగానీ తల్లి పెదవులు మాత్రం కదులుతుండేవి. ఇంటికెళ్లి చపాతీలు ఒత్తుతూ కూడా దాయా, బాయా అని గొణుక్కునేది.

ప్రీతి మేడమ్ అది కనిపెట్టకపోలేదు. ఒకరోజు ఆకు బొమ్మ ఎత్తి పట్టుకుని, "సహస్ర మమ్మీ, కౌన్ సా రంగ్?" అని రంగు పేరు నేరుగా ఆమెనే అడిగింది.

సుభద్ర బొమ్మ వంక చూసింది. వాళ్ల ఊళ్లో పసుపూ పచ్చే, ఆకూ పచ్చే. పచ్చంటే పీలా అని మొన్ననే అరటిపండు బొమ్మ దగ్గర నేర్చుకుంది. "పీలా" అంది ధైర్యం చేసి.

పిల్లలు గొల్లున నవ్వారు. సుభద్ర ముఖం ఎర్రబడింది. అంతలో ఒడిలోంచి తల పైకి లేచింది.

"పీలా కాదమ్మా! హరా! హరా!"

క్లాసులో సహస్ర గొంతు వినబడటం అదే మొదలు. "శాబాష్!" అని ప్రీతి మేడమ్ చప్పట్లు కొడితే పిల్లలందరూ కొట్టారు. తల్లికి పాఠం చెప్పానన్న గర్వంతో సహస్ర ఒడి దిగి, ఆ ఆకు బొమ్మను దగ్గరగా చూడటానికి ముందుకు నడిచింది.

అక్కణ్నుంచి ఆ పిల్లను పట్టలేకపోయారు. క్రేయాన్లు తనే అడిగి తెచ్చుకుంది. టిఫిన్ డబ్బా మూత తనే తీసింది. పక్క పిల్లకు బూటు తొడగబోయి ఎడమది కుడికాలికి తొడిగింది. ఒకనాడు గేటు దగ్గర తల్లి చెయ్యి విడిపించుకుని, "నువ్వు ఇంటికి పో" అని చెప్పి తుర్రుమంది.

ఇక మమ్మీ హాయిగా ఇంట్లో ఉండొచ్చని ప్రీతి మేడమ్ అంది. సుభద్రకు ఆ మాట మొత్తం అర్థమైంది. అర్థమైనందుకు సంతోషించాలో, ఇక రానక్కర్లేదన్నందుకు ఏడవాలో తెలియలేదు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"మేడమ్... ముఝే భీ సీఖ్నా హై." నేనూ నేర్చుకోవాలి.

ప్రీతి మేడమ్ నవ్వలేదు. పిల్లలు వెళ్లాక చార్టులు కత్తిరిస్తూ కాసేపు ఉంటానని, అప్పుడు రమ్మని చెప్పింది. అలా మధ్యాహ్నాలు సహస్ర బడి ఆయా దగ్గర జారుడుబల్ల ఆడుకుంటుంటే, వీళ్లిద్దరూ రంగు కాగితాలు కత్తిరిస్తూ మాట్లాడుకునేవారు. తప్పు మాట్లాడితే మేడమ్ సరిచేసేది, విసుక్కునేది కాదు.

బడి వేడుకకు పసుపు గౌను కావాలన్నారు. రఘువీర్‌కు సెలవు దొరకలేదు. సుభద్ర కూతుర్ని తీసుకుని ఆటో ఎక్కింది. సరోజినీ నగర్ బజారు దగ్గర, భర్తతో వచ్చినప్పుడు తిరిగిన మలుపు దాటి ఆటో నేరుగా పోబోతుంటే, "భయ్యా, బాయే! బాయే లీజియే!" అని కేకేసింది. ఆటో ఎడమకు తిరిగింది. "సారీ దీదీ" అన్నాడు అతను. సుభద్రకు ఆ రోజంతా ఆకలి కూడా తెలియలేదు.

రాత్రి గౌను చూసి రఘువీర్, "యాడిది ఇది?" అన్నాడు.

"సరోజినీ నగర్‌లో తెస్తి. నేనూ పాపే పోయొస్తిమి."

"నీకు హిందీ ఎట్ల వచ్చె?"

"నేను నర్సరీ చదువుకుంటి కదా!" అంది నవ్వుతూ.

వేడుక అయిన మరునాడు బొరుగుల ఉండలు చేసి బడికి తీసుకుపోయింది. దారి పొడవునా కూర్చుకున్న మాటలన్నీ ప్రీతి మేడమ్‌ను చూడగానే చెదిరిపోయాయి. చివరికి, "ఆప్ నే మేరీ బేటీ కో పఢాయా. ముఝే భీ" అని మాత్రం అనగలిగింది. నా కూతురికి చదువు చెప్పారు, నాకూ. కళ్లు తుడుచుకుంది.

మేడమ్ ఆమె చెయ్యి పట్టుకుంది. నేర్పేవాళ్లు చాలామంది ఉంటారనీ, ఆ చిన్న కుర్చీలో సిగ్గుపడకుండా కూర్చున్నది మాత్రం మీరేననీ నిదానంగా, సుభద్రకు అందేలా చెప్పింది. తర్వాత ఒక ఉండ కొరికి, "ఎలా చేశారు?" అని హిందీలో అడిగింది.

సుభద్ర చెప్పడం మొదలుపెట్టింది. బెల్లాన్ని హిందీలో ఏమంటారో తట్టలేదు. "గుడ్?" అని, ఉండ చప్పరిస్తూ మేడమ్ ఆ మాట అందించింది. సుభద్ర "గుడ్, గుడ్" అని నోటికి పట్టించుకుని, పాకం ఎంతవరకు రావాలో చేతులు తిప్పుతూ వివరించసాగింది. గది ఊడవడానికి వచ్చిన ఆయా కూడా చీపురు పక్కన పెట్టి, ఒక ఉండ తీసుకుని, వినడానికి కూర్చుంది.