నలభై మీటర్ల లోతున స్వాగతం

మా ఆయనకి లోతు పిచ్చి. తిండీ నిద్రా అన్నీ పడవలోనే సాగే డైవింగ్ టూరుకి ఇద్దరం కలిసే వచ్చాం గానీ, నీళ్ళలో దిగాక మాత్రం ఆయన దారి ఆయనది, నా దారి నాది. ఆయన గైడమ్మాయితో కలిసి రాతిగోడ వెంట కిందికి, ఇంకా కిందికి పోతాడు. నేను ఐదారు మీటర్ల దగ్గరే పగడాల మధ్య పిల్లచేపల్ని చూసుకుంటూ తిరుగుతాను. పడవలోవాళ్ళు ఆయనకి పాతాళం అని పేరు పెట్టారు. నాకు మోకాలిలోతు అని ఆయనే పెట్టాడు.

మాకో ఫంక్షన్ హాలుంది. వచ్చేపోయేవాళ్ళని పలకరించడం ఆయన వంతు, వేదిక అలంకరణ నా వంతు. రంగులతో బతికేదాన్ని, నాకు లోతు మీద మోజు ఎక్కడినుంచి వస్తుంది? కిందికి పోయేకొద్దీ ముందు ఎరుపు మాయమవుతుంది, ఆ తర్వాత అన్నీ ఒకే బూడిదరంగు. పైగా లోతులో సిలిండర్లో గాలి ఇట్టే అయిపోతుంది. ఆయన దిగిన కాసేపటికే మళ్ళీ పైకెక్కాలి. నేనేమో గంటసేపు ఒక్క పగడం బండ చుట్టూనే తిరగగలను. ఇదంతా చెబితే, ఈమాత్రం దానికి ఇంత దూరం రావడం దేనికి, ఇంట్లో బకెట్లో తల ముంచితే సరిపోయేది కదా అన్నాడు, భోజనాల బల్ల దగ్గర అందరూ వింటుండగా. అందరితో పాటు నేనూ నవ్వాను. లోపల కుతకుత ఉడికిపోయాను.

నా బాధ చేపల గురించి కాదు. హాలు మొదలుపెట్టాక మేమిద్దరం కలిసి సరదాగా ఎక్కడికీ వెళ్ళింది లేదు. ఈ ప్రయాణం పట్టుబట్టి పెట్టించింది నేనే. ఒక్కసారైనా ఆయన నా పక్కన ఈదాలని నా కోరిక. ఆఖరి డైవు నీతోనే అని బయల్దేరేటప్పుడు మాటిచ్చాడు కూడా. తీరా ఆ రోజు దగ్గరపడేసరికి, గోడ వైపే వస్తానని గైడుతో చెప్పేశాడు. గుర్తు చేస్తే, మోకాలిలోతు ఎక్కడికీ పారిపోదులే అన్నాడు.

దానికి ముందురోజే నలభై మీటర్లు దిగొచ్చాడు. ఇక ఆయన గొప్పలకి అడ్డూ అదుపూ లేదు. గది అంత చేప ఒకటి తనని చూసి తల వంచిందట. ఆయన గోరంతలు కొండంతలు చేస్తుంటే, గైడు నవ్వు ఆపుకోలేక తల తిప్పుకుంటోంది. నాకు అనుమానం వచ్చింది. ఆమె సిలిండర్లు నింపుతుంటే వెళ్ళి నిలదీశాను. కాసేపు నసిగి, రేపు ఆయన్ని లోతుకి తీసుకెళ్ళడం తనకి ఇష్టం లేదని, తను చెబితే వినడం లేదని, నేనైనా చెప్పమని బతిమాలింది. అంత లోతులో కొందరికి పీల్చే గాలే మత్తెక్కిస్తుందట, మందు కొట్టినట్టే. పైకి రాగానే దిగిపోతుందట. ఏం చేశారో వాళ్ళకే సరిగా గుర్తుండదట. అని, తన కెమెరా నా చేతిలో పెట్టింది.

చూద్దును కదా, మా ఆయన ఒక గుహ ముందు ఠీవిగా నిలబడి, వచ్చిన ప్రతి చేపకీ రెండు చేతులూ జోడిస్తున్నాడు. భోజనాలు అటువైపని చెయ్యి చాపి చూపిస్తున్నాడు. ఒక మంద వెనక్కి తిరిగితే, తినకుండా వెళ్ళిపోతున్నారని వెంటపడి మరీ బతిమాలుతున్నాడు. నవ్వీ నవ్వీ కడుపు పట్టుకుని, చివరిదాకా చూడకుండానే కెమెరా తిరిగిచ్చేశాను.

మర్నాడు ఆయన డైవింగ్ సూటు జిప్పుతో కుస్తీ పడుతుంటే, వెనకనుంచి లాగి పెడుతూ చెవి దగ్గర అడిగాను.

"నిన్న చేపలందరూ భోంచేసే వెళ్ళారా?"

వెర్రిముఖం వేశాడు. సంగతంతా చెప్పి, నాతో రాకపోతే ఆ వీడియో సాయంత్రం అందరి ముందూ వేయిస్తానన్నాను. ముఖంలో నెత్తురుచుక్క లేదు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారు. ఆ పూట పిల్లిని నేను. కిక్కురుమనకుండా నా వెంట దిగాడు.

మొదట చేతులు కట్టుకుని, ముభావంగా ఈదాడు. నేను ఒక పగడం సందు దగ్గర ఆగి చెయ్యి చాపాను. గాజులా ఒళ్ళంతా కనిపించే బుల్లి రొయ్య ఒకటి దిగొచ్చి నా గోళ్ళు శుభ్రం చెయ్యడం మొదలుపెట్టింది. ఆయన కూడా చెయ్యి పెట్టాడు. దాని పని దానిదే, ఒక్కో వేలే చూసుకుంటూ పోయింది. ఆయన ఊపిరి కూడా నెమ్మదించింది. అది అయ్యాక రెండో చెయ్యి ఇచ్చాడు. పైకి పోదామని సైగ చేస్తే తల అడ్డంగా ఊపాడు. నాకు ఎంత సంతోషం వేసిందో, అంత దిగులూ వేసింది. బెదిరించి తెచ్చుకున్న మొగుడు పక్కన ఉన్నా లేనట్టే కదా.

సాయంత్రం భోజనాల దగ్గర నేను నోరు విప్పలేదు. ఆయనే లేచి నిలబడ్డాడు. నిన్న తను హీరోగా ఒక సినిమా తీశారని, తనే ఇంకా చూడలేదని, వెయ్యమని గైడుకి చెప్పాడు. ఆ తెగింపు ఎక్కడినుంచి వచ్చిందో నాకు అర్థం కాలేదు. టీవీలో చేపల మర్యాదలు మొదలవగానే బల్లలు దద్దరిల్లాయి. అందరికంటే గట్టిగా నవ్వింది ఆయనే.

నేను చూడని ముక్క అప్పుడొచ్చింది. గైడు ఆయన్ని పట్టుకుందామని కెమెరాతోనే ఎడమ పక్కకి చేరింది. ఆయన ఆమె చేతిలోని కెమెరా మీద చెయ్యి వేసి ఆమెని పక్కకి నెట్టేశాడు. ఆమె మళ్ళీ వచ్చింది, మళ్ళీ నెట్టాడు. తన ఎడమవైపు ఖాళీని చూపించి, ఇది నీ చోటు కాదన్నట్టు చెయ్యి ఊపాడు. తర్వాత మెడ సాచి ఎవరికోసమో వెతుక్కున్నాడు. జనం ఇంకా నవ్వుతున్నారు. నాకు నవ్వు ఆగిపోయింది. హాలు గుమ్మంలో ఆయన చేతులు జోడించేటప్పుడు, అలంకరణ ముగించుకొచ్చి ఆ ఎడమ పక్కన నిలబడేది నేను.

"నా చోటు గుర్తు రావాలంటే మీరు నలభై మీటర్లు దిగాలా?" అన్నాను.

ఆయన చేపముల్లు తీసుకుంటూ, తల ఎత్తకుండానే అన్నాడు.

"పైన నువ్వెప్పుడూ పక్కనే ఉంటావు. అక్కడ చూస్తే లేవు."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతమందిలో ఏడవడం నాకు చేతకాదు, అందుకని తిట్టడం మొదలుపెట్టాను.