ఎల్డన్ నమ్మిన రెక్కలు

మా ఎల్క్ ఫోర్డ్ ఊళ్ళో ఎండాకాలం చివర, అంటే ఆగస్టు నెలాఖరున, ఒక బళ్ళ పందెం జరుగుతుంది. అందరికంటే ఆఖర్న వచ్చినవాడే గెలిచినట్టు. నవ్వకండి. అంత బరువు మోటారుసైకిల్ని, కాలు నేలకి ఆనించకుండా, చీమ పక్కనుంచి దాటిపోయేంత నిదానంగా నడపడం మాటలు కాదు. ఒకసారి నేను ఎంత నిదానంగా నడిపానంటే, గీత దాటేసరికి గడ్డం నెరిసింది. నమ్మకపోతే చూసుకోండి, ఇప్పటికీ తెల్లగానే ఉంది.

గెలిచినవాళ్ళకి కప్పూ లేదు, పతకమూ లేదు. సెప్టెంబరు మొదటి సోమవారం బళ్ళన్నీ కలిసి సవారీ పోతాయి. ఆ రోజు ఏ దారిన పోవాలో, ఎక్కడ తినాలో వాళ్ళు చెప్పిందే చట్టం. ఎల్డన్ ప్రుయిట్ ఏళ్ళ తరబడి గెలుస్తూ, ఏళ్ళ తరబడి మమ్మల్ని ఏటి ఒడ్డున అదే క్యాట్‌ఫిష్ అనే మీసాల చేప వేపుడుకి తోలుకుపోతున్నాడు. ఇంకో ఏడాదైతే మాకు మీసాల పక్కన మొప్పలు మొలిచేవి.

ఈసారి నడీన్ దిగింది. పల్లె రోడ్ల మీద ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. ఆమె చెల్లెలు మేవిస్‌కి పాత రోడ్డు మీద చిన్న హోటలుంది. కొత్త హైవే పడ్డాక అటు తొంగిచూసే దిక్కు లేదు. ఇక మూసేస్తానంటోంది.

"ఒక్కసారి ఈ గుంపు అటు వస్తే చాలు బాబాయ్. దాని చేతి 'యాపిల్ పై' మిఠాయి తిన్న నోరు ఊరుకోదు, ఊరంతా చెబుతుంది," అంది నడీన్.

"జెండా ఊపేది నేనే కదా. నాకో ముక్క ముందే పెట్టకూడదూ?" అన్నాను.

"గెలిచాక పెడతాలే. ముందు పెడితే లంచమంటారు."

ఆమె బండీ మా బళ్ళలాగే చాపరే, అంటే పొడుగు మెడ మోటారుసైకిలు. ముందు చక్రం పొరుగూరికి బయల్దేరినట్టు దూరంగా చాచుకుని ఉంది, సీటు నేలకి కబుర్లు చెబుతున్నట్టుంది. కానీ చేత్తో కట్టింది కాదు. పెద్ద కంపెనీ కార్ఖానాలో తయారై, షోరూములో తాళంచెవితో సహా చేతికొచ్చింది. మావాళ్ళ లెక్కలో చాపర్ అంటే షెడ్డులో గొట్టాలు కోసి, అతికించి, వేళ్ళు కాల్చుకుని, ఇంట్లో తిట్లు తిని కట్టుకోవాలి. కొన్న చాపర్ అద్దెకి తెచ్చుకున్న మనవడితో సమానం.

అయినా చూడకుండా ఉండలేకపోయాం. అడక్కుండా ఇంకొకరి బండి ముట్టుకోకపోవడం మా దగ్గర మర్యాద. అందుకని అందరం చేతులు వెనక్కి కట్టుకుని, కొంగల్లా మెడలు చాచి చుట్టూ తిరిగాం. వెల్డింగు అతుకు ఎక్కడ? వైర్లు ఎటు పోయాయి? ఎవరికీ అంతు చిక్కలేదు.

ఎల్డన్ వంగి వంగి చూసి తేల్చేశాడు. "నీళ్ళ రేడియేటర్ లేదు. ఇంజను చుట్టూ ఈ రేకు రెక్కలు చూశారా? నాదాన్లాగే గాలికి చల్లారే ఇంజను."

"అంత ఖాయమా?" అన్నాను.

"మరి రెక్కలెందుకు, ఎగరడానికా?"

నడీన్ సోడా తాగుతూ వింటోంది.

పందెంలో ఒక్కొక్కరే కాలు ఆనించి తప్పుకున్నారు. చివరికి ఎల్డన్, నడీన్ మిగిలారు. ఆఖరి పోటీకి ముందు ఎల్డన్ నా చెవిలో దూరాడు.

"మామా, జెండా వెంటనే ఊపకు. ఇంజన్లు ఆడుతూ ఉండనీ. ఈ ఎండలో కదలకుండా నిలబెడితే గాలి తగలక ఆ కొన్న బండి ఉడికి చస్తుంది."

"నీది ఉడకదూ?"

"నాదాన్ని నేను కట్టాను మామా! దానికి నా మాటంటే భయం."

నడీన్‌కి వినబడేట్టే అడిగాను. "ఏమ్మా, కాసేపు ఆగుదామంటున్నాడు. ఏమంటావు?"

"నాకేం తొందర బాబాయ్? పొయ్యి మీద పాలేం పెట్టి రాలేదు."

ఆనాటి ఎండ సంగతి చెప్పాలి. తారులో నా బూటు ఇరుక్కుంటే లాగడానికి ట్రాక్టరు తెచ్చారు. బూటు రాలేదు సరికదా, ట్రాక్టరూ అక్కడే ఉండిపోయింది. అలాంటి ఎండలో రెండు బళ్ళూ గీత మీద గుడగుడలాడుతుంటే, జెండా చంకలో పెట్టుకుని నేను మా తాత గుమ్మడికాయలో కాపురం పెట్టిన కథ ఎత్తుకున్నాను. తాత లోపల రెండో గది తవ్వుతుండగా నడీన్ బండిలోంచి 'జుయ్‌య్' మని గాలి చప్పుడు మొదలైంది.

ఎల్డన్ తల తిప్పాడు. "ఎవర్రా అక్కడ టేబుల్ ఫ్యాను పెట్టింది?"

ఎవరూ పెట్టలేదు. చప్పుడు ఇంజను ముందునుంచే వస్తోంది. నడీన్ హాయిగా కూర్చుంది. ఎల్డన్ మొహం మాత్రం, అతని బండితో పాటే, ఎర్రబడుతోంది.

"కథ చాల్లే, ఊపు మామా!" అని అరిచాడు.

"రెండో గది పూర్తికాలేదురా."

"నీ గుమ్మడికాయ పాడుగానూ, ఊపు!"

ఊపాను. ఇద్దరూ కదిలారు. నడీన్ బండి దూడ వెంట నడిచే ఆవులా సాగింది. ఎల్డన్‌ది రెండుసార్లు దగ్గి, తుమ్మి, టక్కున ఆగింది. పక్కకి ఒరగబోతుంటే అతని బూటు నేలమీద పడింది. ఊరంతా చూసింది.

ఎల్డన్ బండిని పక్కన పెట్టి నేరుగా నడీన్ దగ్గరకి వచ్చాడు. పోట్లాటకేమో అనుకున్నాం. టోపీ తీశాడు.

"ముట్టుకోవచ్చా?"

"చూసుకో."

నేల మీద వెల్లకిలా పడుకుని ఇంజను కిందకి తల పెట్టాడు. ముందువైపు రెండు చట్రపు గొట్టాల సందులో, వాటి నీడలోనే కలిసిపోయేట్టు, సన్నటి నల్ల రేడియేటర్. వెనకే ఫ్యాను.

"నీళ్ళ బండే! మరి ఈ రెక్కలు?"

"సోకుకి," అంది నడీన్.

"ముందే చెప్పొచ్చుగా!"

"నువ్వు చెబుతున్నావు కదా, మధ్యలో అడ్డమెందుకని."

సోమవారం బళ్ళన్నీ పాత రోడ్డు పట్టాయి. మేవిస్ గుమ్మంలోకి వచ్చి, చప్పుడు విని తుఫాననుకుందట. మధ్యాహ్నానికి యాపిల్ పై అంతా అయిపోయింది. బయట ఇంకా జనం నిలబడే ఉన్నారు. మేవిస్ కిటికీలోంచి కేకేసింది: "ఎవరైనా మలుపులో పళ్ళ కొట్టుకెళ్ళి యాపిల్స్ పట్రండర్రా! వచ్చే శనివారానికైతే తెల్లారే చేసి ఉంచుతాను, ఇవాళ్టికి ఓర్చుకోండి!"

మూసేస్తానన్న మనిషి నోట వచ్చే శనివారం అన్న మాట విని నడీన్ నా వైపు చూసింది. నేను నా ప్లేట్లో మిగిలిన పై ముక్క నోట్లో కుక్కుకున్నాను.

ఎల్డన్ బండి ఎండకి మళ్ళీ మొరాయించింది. అందుకని అతగాడు నడీన్ వెనక, అరచేయంత సీటు మీద ఎక్కి పళ్ళ కొట్టుకి వెళ్ళాడు. యాపిల్స్ సంచీ ఒళ్ళో పెట్టుకుని తిరిగొచ్చాడు. ఆ గతుకుల రోడ్డు మీద ఒక్క కాయ దెబ్బతినలేదు. దిగీ దిగగానే సంచీ నా చేతిలో పడేసి, మోకాళ్ళ మీద కూలబడి వెనక చక్రం సందులోకి తొంగిచూడసాగాడు.

"మళ్ళీ ఏం పోయిందిరా?" అన్నాను.

"చూడ్డానికి వెనక స్ప్రింగు లేని బండిలా ఉంది మామా, కానీ కూర్చుంటే మెత్తగా ఉంది," అన్నాడు. "ఎక్కడో దాచారు. నువ్వు వెలుతురుకి అడ్డం, జరుగు."