పదును పోతే సాన పట్టించాలి

జయరాం సారు పాఠం రాసినాడంటే ఆషామాషీ కాదు. 2002లో యూనివర్సిటీవాళ్ళు దూరవిద్య డిగ్రీకి గ్రామీణాభివృద్ధి పుస్తకం తలపెట్టి, మెట్ట సేద్యం పాఠం ఆయనకు అప్పజెప్పినారు. కాలేజీ గడప తొక్కలేనోళ్ళు పని చేసుకుంటా ఇంట్లో ఒంటరిగా చదువుకునే పుస్తకమది. పక్కన అయ్యవారుండడు, కాబట్టి పుస్తకమే అయ్యవారు కావల్ల అని సారు పట్టు. అందుకే అచ్చం రైతు నోటి మాటల్తోనే రాసినాడు. "పదునుంటేనే విత్తాల. పదును పోతే విత్తనం మట్టిపాలు." వాన పడినాక నేలలో నిలిచే తేమను పదునంటారని ఈ జిల్లాలో పసిబిడ్డనడిగినా చెప్తాది. దాన్ని మళ్ళా విడమర్చేదేముందిలే అనుకొన్నాడు. ఆ అనుకోవడమే కొంప ముంచింది.

మరుసటేడు ఒక ఆదివారం, సారు స్టడీ సెంటర్లో క్లాసు చెప్పి ముగించినాక ఈశ్వరి వచ్చి నిలబడింది. ముదిగుబ్బ దగ్గర అంగన్‌వాడీ టీచరు. డిగ్రీ చేతికొస్తే సూపర్‌వైజర్ పోస్టుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ ఏడు తప్పితే వయసు దాటిపోతాది, ఇంక ఆ పోస్టు మాటే లేదు. అన్నీ పాసయింది, సారు పాఠముండే పేపర్లో మాత్రం ముప్పై మూడు. పాసుకు ముప్పై ఐదు కావల్ల.

"యాడ పోయినాయి సార్ ఆ రెండు మార్కులు? మీ పాఠంలోని ప్రశ్నే వచ్చినాది. విత్తేముందు రైతు ఏం చూసుకోవల్ల అని, ఐదు మార్కులకు. నేల పదును చూసుకోవల్ల, జానెడు లోతు తడిసిండాల అని పేజీ నిండా రాసినా."

"బాగా రాసినావు గదమ్మా, ఎట్ల పోతాయి?" అంటా సారు అచ్చయిన పుస్తకం తెరిచినాడు. తన వాక్యముండాల్సిన చోట "పదునైన పనిముట్టు ఉంటేనే విత్తాలి. పదును పోతే సాన పట్టించాలి" అని ఉండాది. పాఠం చివర జవాబుల పట్టీలో కూడా అదే. దిద్దినోని ఎడిటింగు మన్నుగాను!

సోమవారం పొద్దున్నే ఎస్టీడీ బూతుకు పోయి యూనివర్సిటీకి ఫోను కొట్టినాడు.

"పదునంటే కత్తికుండేదే కదండీ. మీ వాక్యం అసంపూర్తిగా ఉందని నేనే పూర్తి చేశాను," అన్నాడు ఎడిటరు, మేలు చేసినోని మాదిరి.

"కత్తి పదును గాదప్పా, నేల పదును! ఆ యమ్మ రాసిందే నిజం."

"కావచ్చండీ. కానీ పేపర్లు జవాబుల పట్టీ ప్రకారమే దిద్దుతారు. ఐదేళ్ళదాకా పుస్తకం మార్చడానికి లేదు. పైగా ప్రూఫు మీద మీ సంతకం ఉంది."

ఉండాది, కాదనేదానికి లేదు. అప్పుడు శుక్రవారం బస్సులో వచ్చిన ప్రూఫు కట్టను సోమవారానికల్లా తిప్పి పంపమన్నారు. నాలుగు పేజీల్లో ఒత్తులు చూసి, తక్కినదానికి కండ్లు మూసుకొని సంతకం గీకినాడు. ఇప్పుడు ఎవరిని తిట్టల్ల? ఫోను పెట్టేసినాడు.

మళ్ళా ఆదివారం ఈశ్వరి వచ్చింది. సారు ఏదీ దాచుకోకుండా చెప్పినాడు, సంతకం సంగతితో సహా. ఆమె నాలుగు మాటలనింటే ఆయన పాణానికి హాయిగా ఉండేది. అనలేదు. తన పుస్తకం తీసి ముందర పెట్టింది. ఆ వాక్యాన్ని పెన్నుతో కొట్టేసి, పక్కన గుండ్రటి అక్షరాలతో "నేల పదును" అని రాసుకొనుండాది.

"అచ్చులో తప్పు పడిందనుకొంటి సార్. జయరాం సారు ఇట్ల రాయడు, నాకు తెల్దా అని నేనే దిద్దుకొంటి."

సారుకు తల కొట్టేసినట్లయింది.

"వచ్చే నెల సప్లిమెంటరీ ఉండాది. అవే ప్రశ్నలు తిప్పి తిప్పి ఇస్తారంట. ఇదే వచ్చిందంటే ఏం రాయల్ల సార్? మీరెట్ల చెప్తే అట్ల రాస్తా."

సారు ఆ గుండ్రటి అక్షరాలను మళ్ళా ఒకసారి చదివినాడు. చివరికి, "సాన పట్టించాలని రాయమ్మా," అన్నాడు.

"సరే సార్," అని ఈశ్వరి పెన్ను మూత తీసి, తాను రాసుకొన్న మాటను నిదానంగా కొట్టేసింది.