నడిమి దిబ్బ ఎత్తు

మొదట వినిపించింది చప్పుడే. గుడారం బయట, ఇంకా వెలుగు రాని చోట, నీళ్ళ అడుగున రాళ్ళు దొర్లుతున్నాయి. ఎవరో బరువైన పెట్టెలను ఈడుస్తున్నట్టు, ఆగి, మళ్ళీ ఈడుస్తున్నట్టు.

"రాత్రంతా ఇదే వరస బావా," అన్నాడు బావమరిది, చెప్పుల్లో ఇసుక దులుపుకుంటూ. "నది ఇల్లు మారుతున్నట్టుంది."

"మారనీ. చిరునామా మన దగ్గరుందిగా," అని బావ తాము గీస్తున్న లోయ పటం మీద తట్టాడు.

బావది దుర్భిణి పని. బావమరిదిది కొలకర్ర పని. మనిషికి రెండింతలున్న ఆ అంకెల కర్రను చెప్పిన చోట నిలువుగా పట్టుకోవాలి. ఇవతలి గట్టు నుంచి బావ అంకె చదివి, చెయ్యి ఊపేదాకా కదలకూడదు. అక్క పెళ్ళినాడు ఆమె చెంగు వదలని పిల్లవాడు, అలా కర్ర పట్టుకునే తల నెరిపించుకున్నాడు. ముక్కుమీద ఈగ వాలినా కదిలేవాడు కాదు. బావ అతన్ని 'కర్రా' అనే పిలిచేవాడు.

ఆ లోయలో నది ఒకటి కాదు. విప్పిన జడలా పాయలు పాయలుగా చీలి, కలిసి, మళ్ళీ చీలుతుంది. మనిషి జాడ లేదు, పిట్ట అరుపు లేదు. పాయల నడిమి దిబ్బ ఎత్తొక్కటి అందితే పటం పూర్తి, ఇద్దరూ ఇంటికి.

"వంపు దగ్గర దాటు కర్రా. మోకాటి లోతే. నిన్న నువ్వు కొలిచిందేగా, నీమీద నీకు నమ్మకం లేదా?"

"నామీద ఉంది. దానిమీదే లేదు," అని నీళ్ళవైపు గడ్డం చూపాడు. "అక్క అడిగితే నువ్వే పంపావని చెప్తా."

"ముందు తిరిగి రా, చెబుదువుగాని."

కర్రతో పాయలోకి దిగిన బావమరిదికి నీళ్ళు నడుం దాటాయి. బావ చూశాడు. ఒక్క అంకె కోసం చూడనట్టే ఊరుకున్నాడు.

పాత దుర్భిణిలో అన్నీ తలకిందులే. పైన నది పారుతోంది, కింద ఆకాశం. నడుమ దిబ్బమీద బావమరిది, కర్ర పట్టుకుని వేలాడుతున్నట్టున్నాడు. బావ అంకె చదివాడు. తల వంచి రాసుకున్నాడు. సరిచూసుకుందామని మళ్ళీ కన్ను ఆనించాడు.

కర్ర ఉంది. ఇసుమంతైనా ఒరగకుండా ఉంది. పట్టుకున్న చేతులు లేవు.

దిబ్బ అంచు విరిగిన చోట నీళ్ళు సుడి తిరుగుతున్నాయి. పోయేముందు కర్రను గులకరాళ్ళలోకి గుచ్చినట్టున్నాడు, కొలత చెడకుండా.

చెయ్యి ఊపలేదని బావకు అప్పుడు తట్టింది. ఊపాడు. రెండు చేతులూ ఎత్తి ఊపాడు. తర్వాత, ఒంటరిగా నిలబడిన ఆ కర్రకేసి చూస్తూ, అక్క నోట తప్ప ఎన్నడూ వినబడని పేరు పెట్టి గట్టిగా పిలిచాడు.