మొదటి ఆదివారం

వరహాలమ్మ చేపల తట్ట దించేసరికి ఎజ్రా మాస్టారు గడప లోపల నిలబడిపోయి ఉన్నారు. కుడికాలు గడప దాటాలి. దాటడం లేదు. మడమ లేస్తోంది గాని వేళ్ళు నేలకు అతుక్కున్నట్టు అక్కడే వణుకుతున్నాయి. ఆయన భార్య కనకమ్మ అటు చూడలేదు. నీళ్ళ బిందెలోంచి కొరమేనును మొప్పల దగ్గర పట్టి పైకెత్తి, "కొల్లేటిదేనా, చెరువుదా?" అని అడుగుతోంది.

"కొల్లేటిదేనండి అమ్మగారూ. అబద్ధమాడితే నా కళ్ళు పోతాయి. మాస్టారు గారికి ముక్కలు ఎక్కువేసి పెట్టండి, నరాలకి బలం."

"పెడుతూనే ఉన్నాను వరహాలూ, మూడు పూటలా. నా కూర తిని నడిచే కాళ్ళయితే కదా! ఎవరి కోసం నడవాలో వాళ్ళ కోసం నడుస్తాయిలే."

ఆ మాట మాస్టారి చెవిన పడింది. ఆయన ముఖంలో మాత్రం ఏ మార్పూ లేదు. వరహాలమ్మ ఒకసారి ఆయన వైపూ ఒకసారి కనకమ్మ వైపూ చూసి, చేపకు పొలుసు గీయడంలో పడిపోయింది.

చూసేవాళ్ళకు ఇందులో తప్పేమీ కనపడదు. జబ్బు మనిషికి భార్య మంచి చేప కొని వండి పెడుతోంది, అంతే. కాని మన ఇళ్ళలో జరిగే అన్యాయాలు చాలావరకు ఇలాగే, ప్రేమగా, వంటింట్లోంచే మొదలవుతాయి. చదువరులు ఆ కొరమేనును కాస్త గుర్తుపెట్టుకోవాలి.

గణపవరం మండలంలో, వరిచేలూ చేపల చెరువులూ పక్కపక్కనే ఉండే ఊరు అది. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం పగలగొట్టించిన మరుసటి ఏడాది సంగతి. ఎజ్రా మాస్టారు మిషన్ బడిలో ముప్పై ఒక్క ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. రిటైరైన ఏడాదే కుడిచేతి బొటనవేలు వణకడం మొదలైంది. ముత్యాల్లాంటి దస్తూరీ చిక్కిపోయి చీమల బారు అయింది. గొంతు తగ్గింది. నడకలో అడుగు చిన్నదైంది. ఊళ్ళో కొందరు చాటుగా తాగుతున్నాడన్నారు. జీవితంలో సోడా తప్ప ఏదీ ఎరగని మనిషిని! కొందరు ఎవరి ఉసురో తగిలిందన్నారు. రెండేళ్ళు నాటు నూనెలు మర్దనా చేయించాక, చివరికి ఏలూరులో నరాల డాక్టరు నిత్యానందం గారి దగ్గరికి వెళ్ళారు. ఆయన చూసి, ఇది పార్కిన్సన్ అనే జబ్బు, పూర్తిగా పోదుగాని మందుతో అదుపులో ఉంటుందని చెప్పి, రోజుకు మూడుసార్లు మాత్ర రాశారు.

"తగ్గుతుందాండీ?" అని కనకమ్మ ఒక్క ప్రశ్న అడిగింది. ఇంకేమీ అడగలేదు. బయట వరండాలో యాభైమంది ఉన్నారు. డాక్టరు గారూ ఇంకేమీ చెప్పలేదు.

పరగడుపున మాత్ర వేస్తే కడుపు మండుతుందని కనకమ్మకు చిన్నప్పటినుంచీ తెలుసు. అందుకని పొద్దున్నే చద్దన్నంలో పెరుగు కలిపి, నిన్నటి చేపల పులుసు వేసి, నాలుగు ముద్దలయ్యాక మధ్యలో మాత్ర వేసేది. మధ్యాహ్నం అంతే, రాత్రి అంతే. మాత్రలు అయిపోతున్నాయి, కాళ్ళు మాత్రం కదలడం లేదు. ఒక్క రోజు తప్ప.

నెలలో మొదటి ఆదివారం నాడు ఎజ్రా మాస్టారు వేరే మనిషి అయ్యేవారు. చొక్కా బొత్తాలు తనే పెట్టుకునేవారు. చెరువు గట్టు వెంట చర్చిదాకా ఎవరి భుజమూ పట్టకుండా నడిచేవారు. హార్మోనియం ముందు కూర్చుంటే వేళ్ళు పాతరోజుల్లోలాగే పరుగెత్తేవి. మధ్యాహ్నం ఇంటికొచ్చి కడుపునిండా భోంచేశాక, సాయంత్రానికి మళ్ళీ గడప దగ్గర బిగుసుకుపోయేవారు.

ఆ మొదటి ఆదివారానికి రెండు ప్రత్యేకతలు ఉన్నాయి. ఒకటి, ఆ రోజు సంస్కారం ఇస్తారు. ప్రభువు రొట్టె, ద్రాక్షారసం నోట పడేదాకా ఆ ఊరివాళ్ళు పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టరు. మాస్టారు మాత్ర కూడా ఆ నీళ్ళతోనే వేసుకునేవారు. రెండోది, ఆ రోజు పాటలు నడిపించడానికి తాడేపల్లిగూడెం నుంచి పెర్సిస్ టీచరు బస్సు దిగేది.

కనకమ్మకు రెండోదే కనపడింది.

ఎందుకు కనపడదు? నలభై ఏళ్ళ కిందట ఎజ్రాకు మొదట అనుకున్న సంబంధం ఆ పెర్సిస్‌దే. పిల్ల ఇంకా చదువుకోవాలని వాళ్ళు ఆగమంటే, వీళ్ళు ఆగకుండా కనకమ్మను చేసుకున్నారు. ఊరంతా ఆ సంగతి మరిచిపోయింది. కనకమ్మ మరవలేదు. కొత్తకాపురంలో ఒకనాడు కూరలో ఉప్పెక్కువైతే, "ఆ గూడెం పిల్లనే చేసుకోవలసింది" అన్నారు అత్తగారు. అత్తగారు పోయి ఇరవై ఏళ్ళయింది. ఆ ఉప్పు ఇంకా నాలుక మీదే ఉంది.

పెర్సిస్ భర్త పోయి ఆరేళ్ళు. అరవై దగ్గర పడుతున్నా నడుం వంగలేదు. ఆకుపచ్చ అంచు తెల్లచీర కట్టుకుని ఆమె పల్లవి అందుకుంటే, మాస్టారి వేళ్ళు హార్మోనియం మెట్ల మీద ఆడేవి. అది చూసి కనకమ్మ కళ్ళల్లో నిప్పులు పోసుకునేది. "నా దగ్గర చొక్కా గుండీ పెట్టుకోవడం చేతకాదంటారు. ఆవిడ ముందు సంగీత కచేరీ చేస్తారు!" అని కుతకుత ఉడికేది. ఏలూరు వెళ్ళినప్పుడు సరిగ్గా అలాంటి ఆకుపచ్చ అంచు చీరే కొని, కట్టుకుని ఆయన ఎదురుగా నిలబడింది.

"బాగుందా అండీ?"

"బాగుంది" అన్నారు మాస్టారు, లోగొంతుకతో. ముఖం రాయిలా ఉంది.

"నన్ను చూసి ఒక్కసారి నవ్వి ఎన్నాళ్ళయిందండీ?"

"నవ్వుతూనే ఉన్నాను కనకం."

వెక్కిరిస్తున్నారనుకుంది. ఆ చీర మడతపెట్టి పెట్టె అడుక్కి తోసేసింది. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా అనుకుని, పుల్లకూరను గెలవడానికి పులుసులో ముక్కలు ఇంకా పెంచింది.

మార్చి నెల మొదటి ఆదివారం వచ్చింది. తిన్నవాళ్ళు ఆ రోజు సంస్కారం బల్ల దగ్గరికీ పోరు, పాటల బృందంలోనూ కూర్చోరు. అది వాళ్ళ కట్టుబాటు. ఆ కట్టుబాటునే కనకమ్మ ఆయుధం చేసుకుంది. తెల్లవారగానే కొరమేను పులుసు వేడిచేసి, అన్నం కలిపి ముద్ద ఆయన నోటి దగ్గర పెట్టింది.

"ఈ ఒక్క రోజూ వదిలెయ్యి కనకం" అన్నారు మాస్టారు.

"రోగిష్టి మనిషికి ఉపవాసమేంటండీ? దేవుడేం అనుకోడు. తినండి."

ఆమెతో వాదించడం ఆయనకు ఎన్నడూ అలవాటు లేదు. గిన్నెడు అన్నం, నాలుగు ముక్కలు, పెరుగు. మధ్యలో మాత్ర. తాను మాత్రం పద్ధతి ప్రకారం ఉపవాసమే ఉంది.

చర్చిలో పాస్టరు ఎలీయాజరు గారు పాట సంఖ్య చెప్పారు. హార్మోనియం ముందు చాప ఖాళీగా ఉంది. పెర్సిస్ వెనక్కి తిరిగి, "మాస్టారూ, మీరు లేకపోతే శ్రుతి ఎలాగండీ? వచ్చి ఊరికే వాయించండి" అంది. పాస్టరు గారు కూడా రమ్మని చెయ్యి ఊపారు.

మాస్టారు లేచారు. ఆడవాళ్ళ వైపు కూర్చున్న కనకమ్మ మెడ చాచింది. ఇంట్లో నుంచి చర్చిదాకా తన భుజం మీద వాలి వచ్చిన మనిషి ఇప్పుడు ఆవిడ పిలిస్తే ఎలా నడుస్తాడో చూడాలని, కళ్ళు ఆర్పకుండా చూసింది.

నాలుగడుగులు వేశారు. అడుగు చిన్నదైంది, ఇంకా చిన్నదైంది. హార్మోనియం ముందున్న గడపమెట్టు దగ్గరికొచ్చేసరికి కాళ్ళు ఆగిపోయి, ఒళ్ళు ముందుకు పోయింది. నుదురు హార్మోనియం పెట్టె అంచుకు తగిలి పడిపోయారు.

దాచడమెందుకు? ఆ క్షణంలో కనకమ్మకు ముందు కలిగింది సంతోషం. ఆవిడ కోసం కూడా నడవలేదు! ఆ సంతోషం ఎంతసేపు? చాప మీద రక్తం కనపడేదాకా. పరుగున వెళ్ళేసరికి పెర్సిస్ అప్పటికే కొంగుతో నుదురు అదిమిపట్టి ఉంది. కనకమ్మ ఆ చెయ్యి విసిరికొట్టింది. "వదలండి. నా భర్తని నేను చూసుకోగలను."

మాస్టారి పెదాలు కదులుతున్నాయి. కనకమ్మ వంగి చెవి పెట్టింది.

"ఉపవాసంతో పరుగెత్తకు కనకం. కళ్ళు తిరుగుతాయి. కూర్చో."

పెర్సిసే ఎవరినో బతిమాలి కారు పిలిపించింది. డ్రైవరు పక్కన కూర్చుని తనూ ఏలూరు దాకా వచ్చింది. నిత్యానందం గారు నుదుటికి ఐదు కుట్లు వేశారు. అది ఆదివారం, వరండా ఖాళీగా ఉంది. కనకమ్మ గుండెలో నెలల తరబడి కుక్కుకున్నదంతా ఒక్కసారి బయటపడింది.

"నాకు ఇది జబ్బో నటనో తేల్చి చెప్పండి డాక్టరు గారూ. నెలలో ఒక్క రోజు, ఆ మొదటి ఆదివారం, మనిషి గుర్రంలా నడుస్తారండి. మిగతా ఇరవై తొమ్మిది రోజులూ నా ఇంట్లో గడప దాటరు. ఇవాళ ఆ రోజు కూడా పోయింది."

డాక్టరు గారు నవ్వలేదు. "ఆ మొదటి ఆదివారం పొద్దున్న ఏం తింటారమ్మా?"

"ఏం తినరండి. సంస్కారం కదా. నీళ్ళతో మాత్ర వేసుకుని బయల్దేరతారు."

"మిగతా రోజులు?"

"మిగతా రోజులు నేను లోటు చెయ్యనండి!" కనకమ్మ తల ఎత్తింది. "చద్దన్నంలోకి చేపల పులుసు, పెరుగు. మధ్యాహ్నం శీలావతో, కొరమేనో. మధ్యలో మాత్ర వేస్తాను, కడుపు మండకుండా."

"ఇవాళ?"

కనకమ్మ తల దించుకుంది. "ఇవాళ... నేనే తినిపించానండి."

డాక్టరు గారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "అమ్మా, చేపలో, పెరుగులో మాంసకృత్తులు ఎక్కువ. ఈ మాత్ర పేగుల్లోంచి ఒంట్లోకి పోవలసిన గుమ్మం, వాటి గుమ్మం ఒకటే. రెండూ ఒకేసారి తోసుకుంటే మాత్ర బయటే నిలబడిపోతుంది, మాస్టారు గారు గడప దగ్గర నిలబడినట్టు."

"అయితే... నేను పెట్టిన చేపేనా అండీ ఆయన కాళ్ళు పట్టేసింది?"

"చేప తప్పు లేదు. వేళ తప్పు. చేప మానక్కర్లేదు. మాత్ర భోజనానికి ముప్పావు గంట ముందు, రోజూ ఒకే వేళకు వెయ్యండి. అందరికీ ఒకేలా పడదు. వికారం వస్తే నాకు చెప్పండి, మీరే మార్చుకోకండి." ఆయన మాత్రల వేళలు చీటీ మీద రాసి ఇచ్చారు. "ఇది మొదటి రోజే నేను చెప్పవలసింది. బయట జనం ఉన్నారని చీటీ రాసి పంపేశాను. ఆ తప్పు నాది."

కనకమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఇంకో ప్రశ్న మిగిలి ఉంది. అడగడానికి సిగ్గేసింది. అయినా అడిగింది. "మరి నన్ను చూసి నవ్వడం ఎందుకు మానేశారండీ?"

"అది కూడా జబ్బేనమ్మా. ముఖంలో కండరాలు బిగుసుకుపోతాయి. లోపల నవ్వినా పైకి రాదు. చాలా ఇళ్ళలో ఇదే గొడవ. మనిషి మారిపోయాడనుకుంటారు."

కనకమ్మ మాస్టారు పడుకున్న మంచం వైపు తిరిగింది. "ఆ రోజు చీర కట్టుకున్నప్పుడు నవ్వుతూనే ఉన్నానన్నారు."

"ఇప్పుడూ నవ్వుతున్నాను" అన్నారు మాస్టారు, అదే రాతి ముఖంతో. కనకమ్మ భోరుమంది.

గుమ్మంలో పెర్సిస్ నిలబడి ఉంది. అంతా విన్నదని ఆమె ముఖమే చెబుతోంది. కనకమ్మకు భూమి చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది.

"అక్కగారూ," అంది పెర్సిస్ మెల్లగా, "హార్మోనియం దగ్గర మాస్టారు నాతో మాట్లాడేది ఒక్క మాటేనండి. ఆఖరి పాటకి ముందు ప్రతిసారీ అంటారు. 'చరణాలు తగ్గించండి పెర్సిస్ గారూ, కనకం పొద్దుటినుంచీ ఏమీ తినలేదు' అని."

ఆ తర్వాత ఎజ్రా మాస్టారి జబ్బు పోలేదు. పోతుందని చెబితే అబద్ధం. ఇప్పటికీ కొన్ని రోజులు కాళ్ళు ఆగిపోతాయి. కాని వేళకు మాత్ర, ఆ తర్వాత తీరిగ్గా భోజనం అనే పద్ధతి మొదలయ్యాక చాలా ఉదయాలు మొదటి ఆదివారాల్లా అయ్యాయి. పెర్సిస్ వచ్చిన రోజున కనకమ్మ ఇంట్లోనే భోజనం. అసూయ పూర్తిగా పోయిందా అంటే, కూర వడ్డించేటప్పుడు ఉప్పు సరిపోయిందో లేదో రెండుసార్లు అడుగుతుంది. అంతమాత్రం ఉండనివ్వండి.

ఒక ఉదయం వరహాలమ్మ తట్ట దించేసరికి మాస్టారు గడప దాటి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. వరహాలమ్మ నోరు తెరిచి చూసింది. ఆమె గొంతు తగ్గించి, "మా మరిది నూకరాజుకీ చెయ్యి వణుకుతుందండి అమ్మగారూ. ముఖం మొద్దుబారిపోయింది. ఎక్కడో తాగొస్తున్నాడని మా తోడికోడలు కూడు పెట్టడం మానేసింది" అంది.

కనకమ్మ చేతిలో చేపను బిందెలో వదిలేసి లేచింది.

"రేపే ఇద్దర్నీ ఏలూరు తీసుకుపో వరహాలూ. ఏం జబ్బో అడగండి. మందు ఎప్పుడు వెయ్యాలి, దేనితో వెయ్యాలి, అన్నీ అడగండి. బయట వందమంది ఉన్నా సిగ్గుపడకండి. నేను ఆ ఒక్క ప్రశ్న అడగక ఏడాది పాటు ఆయన్ని అనుమానించాను. ఇంట్లో మనిషి మారిపోయాడనిపిస్తే ముందు డాక్టర్ని అడగాలి. ఆ తర్వాత కూడా అనుమానం మిగిలితే అప్పుడు చూసుకోవచ్చు. మిగలదు."