గాలి లేచే ముందు

గాలి లేదు.

ఎండిన నాచు వాసన... దాని అడుగున ఇనుము వాసన. నీళ్లు నూనెలా కదలకుండా పడి ఉన్నాయి.

మన్నూబియా సముద్రాన్ని చూడటం ఈ ప్రయాణంలోనే. నలభై ఆరేళ్లు కస్రీన్ కొండల్లోనే గడిచిపోయాయి. కూతురు నౌరస్ పోరు పడలేక, దాన్ని తీసుకుని సముద్రం ఒడ్డున మహ్దియాలో ఉన్న చెల్లెలింటికి వచ్చింది. పక్కింటి పిల్ల దలెండా కూడా వెంట బయల్దేరింది.

"నీ చేతుల్లో పెడుతున్నా. సముద్రం చూపించి తీసుకురా," అంది దలెండా తల్లి మబ్రూకా.

రాతిని తొలిచిన పాత రేవు. విరిగిన కోట ద్వారం. నీటి అంచు దాకా దిగివచ్చిన తెల్లటి సమాధులు.

ఈ ఊళ్లో చచ్చినవాళ్లకు కూడా సముద్రం తప్పదు.

"కాళ్లు దించు వదినా, కరవదులే," అన్నాడు మరిది హేదీ, వల బాగుచేసుకుంటూ.

"కరిచేది ఏదైనా చెప్పి కరుస్తుందా?"

హేదీ నవ్వాడు. ఆకాశం అంచు వైపు చూశాడు. నవ్వు ఆగిపోయింది.

"ఈ నిమ్మళం మంచిది కాదు. పొద్దు గూకేసరికి తూర్పు గాలి లేస్తుంది. ఇవాళ పడవ దించేవాడు పిచ్చివాడు."

పిల్లలిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. కాస్త ఎక్కువసేపే.

సాయంత్రం చెల్లెలు చేపలు కాల్చి పెట్టింది. పిల్లలు ముట్టలేదు. కోట చూసొస్తామన్నారు.

నిన్న చూసిందే. మొన్న చూసిందే.

మన్నూబియా వెనకాలే నడిచింది.

సమాధుల అవతల చిన్న ఇసుక తీరం. అక్కడ ఒక పడవ — నిండా, దొంగచాటుగా అవతలి దేశానికి పోయే మనుషులు. అందరి మెడల్లోనూ ప్లాస్టిక్ సంచుల్లో చుట్టిన ఫోన్లు. దలెండా అప్పటికే ఎక్కి కూర్చుంది. నౌరస్ మోకాలి లోతు నీళ్లలో ఉంది.

"గాలి లేస్తుందని బాబాయి చెప్పాడు కదే!"

"గాలి లేచేలోపే చాలా దూరం పోతాం. వెళ్లిపో అమ్మా. కొండ మీద ఏముంది? గడ్డి కోసీ కోసీ నీ చేతులేమయ్యాయో చూసుకో!"

మన్నూబియా చేతులు చూసుకోలేదు. అరవలేదు. పట్టుకోలేదు... పట్టుకుంటే విదిలించుకుంటుంది.

నీళ్లలోకి నడిచింది.

పడవ వైపు కాదు — పక్కకి. రాళ్ల కింద నీళ్లు నల్లబడిన చోటికి.

మోకాళ్లు. నడుము. రొమ్ము.

"అమ్మా! నీకు ఈత రాదు!"

భుజాలు.

తల మీద నీళ్లు మూసుకున్నాయి...

నౌరస్ వచ్చి తల్లి జుట్టు పట్టి ఒడ్డుకు ఈడ్చింది. ఇద్దరూ ఇసుకలో పడి దగ్గారు. మోటారు చప్పుడు దూరమైపోయింది. పడవలో దలెండా లేచి నిలబడి చెయ్యి ఊపుతోంది. రమ్మనో... పోయొస్తాననో.

ఆ పిల్లను కూడా ఆపాలన్న సంగతి మన్నూబియాకు అప్పుడు తట్టింది.

అప్పుడే తట్టింది.

సంగతి విని హేదీ తీరం కాపలా వాళ్ల దగ్గరికి పరుగెత్తాడు. అతను తిరిగొచ్చేలోపే గాలి లేచింది. ఊళ్లో తలుపులన్నీ కొట్టుకున్నాయి. అలలు సమాధుల మీదికి ఎగబాకాయి.

మూడో రోజుకు గాలి పడిపోయింది.

పడవ సంగతి ఏ ఊరి నుంచీ తెలియలేదు.

నౌరస్ ఒడ్డున కూర్చుంది. తల్లితో మాట లేదు. తల్లి పక్కన కూర్చుంటే లేచిపోవడమూ లేదు. దలెండా నంబరు నొక్కుతుంది. చెవి దగ్గర పెట్టుకుంటుంది. మళ్లీ నొక్కుతుంది.

మన్నూబియా ఫోను మోగింది.

మబ్రూకా.

"ఏం వదినా, పిల్లల్ని తీసుకెళ్లి మమ్మల్ని మరిచేపోయావా? మా దలెండా ఫోను కలిసి చావదు. నీళ్లలో నానబెట్టుకుని ఉంటుంది, మొద్దుది! ఒకసారి దానికివ్వు."

మన్నూబియా ఫోను చెవికి అదుముకుంది.

నీళ్లు రాళ్లకు తగిలాయి. వెనక్కి జారాయి. మళ్లీ తగిలాయి.

"వదినా... వింటున్నావా?"

నౌరస్ తలెత్తి తల్లి మొహంలోకి చూసింది. మూడు రోజుల్లో మొదటిసారి.

"ఏదో చప్పుడవుతోందే," అంది మబ్రూకా, మురిసిపోతూ. "సముద్రమేనా అది?"